వాల్టర్ ఓమాలీ

వాల్టర్ ఫ్రాన్సిస్ ఓమాలీ (అక్టోబరు 9, 1903 - ఆగష్టు 9, 1979) అమెరికాకు చెందిన న్యాయవాది మరియు బేస్‌బాల్ జట్టు యజమాని. న్యూయార్క్ నగరంలో భాగమైన బ్రూక్లిన్‌కు చెందిన డాడ్జర్స్ జట్టును ఇతడు 1957 సీజను ముగియగానే లాస్ ఏంజెలెస్‌కు తరలించాడు. పశ్చిమ తీరంలో అంతవరకు మేజర్ లీగ్ జట్టు ఒక్కటీ లేదు. ఈ నిర్ణయం వలన లాస్ ఏంజెలెస్‌లో ఎంత ఆదరణ పొందాడో బ్రూక్లిన్‌లో అంతగా ద్వేషానికి గురయ్యాడు.

తొలి జీవితం

ఓమాలీ న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో జన్మించాడు. తండ్రి ఎడ్విన్ ఓమాలీ నగర మార్కెట్ల కమిషనరుగా పనిచేశాడు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చదివిన తరువాత 1930లో ఫోర్డ్‌హామ్ నుండి న్యాయశాస్త్ర పట్టా పొంది, ఆర్థిక మాంద్యం రోజులలో దివాలా కేసులు చేపట్టి పేరు, ధనం సంపాదించాడు. 1931లో కే హాన్సన్‌ను వివాహమాడాడు. వీరికి టెర్రీ, పీటర్ అని ఇద్దరు సంతానం.

డాడ్జర్స్ యాజమాన్యం

ఆ కాలంలో డాడ్జర్స్ జట్టు బ్రూక్లిన్ ట్రస్ట్ కంపెనీ అనే బ్యాంకుకు బాకీపడి ఉండేది. ఆ బ్యాంకుతో ఉన్న పరిచయం వల్లనే ఓమాలీ 1940ల మొదట్లో జట్టు న్యాయవాదిగా ప్రవేశించాడు. 1944-45లలో బ్రాంచ్ రికీ, జాన్ స్మిత్‌లతో కలిసి జట్టులో వాటాలు కొన్నాడు. 1947లో జాకీ రాబిన్సన్‌ను ఆడించి, నల్లజాతి ఆటగాళ్ళపై మేజర్ లీగ్‌లో ఉన్న అప్రకటిత నిషేధాన్ని తొలగించినవాడు రికీయే. ఆ ఘనత ఓమాలీది కాదు. 1950లో రికీ వాటాను సుమారు పదిన్నర లక్షల డాలర్లకు కొని ఓమాలీ అధ్యక్షుడయ్యాడు.

1955లో డాడ్జర్స్ అదే నగరానికి చెందిన యాంకీస్‌ను ఓడించి వరల్డ్ సిరీస్ గెలిచింది. అంతకుముందు ఇదే పోటీలో ఎన్నోమార్లు యాంకీస్ చేతిలో ఓడిన జట్టు అది. బ్రూక్లిన్‌కు దక్కిన వరల్డ్ సిరీస్ అదొక్కటే.

స్టేడియం వివాదం

జట్టు ఆడే ఎబెట్స్ ఫీల్డ్ 1913లో ప్రారంభమైంది. దానిలో సుమారు 32 వేల మందికి మాత్రమే చోటుండేది. కార్లు నిలిపేందుకు స్థలం దాదాపు లేదు. యుద్ధానంతరం మధ్యతరగతి కుటుంబాలు శివార్లకు తరలిపోతుండగా 1947లో 18 లక్షలున్న ప్రేక్షకుల సంఖ్య విజయ సంవత్సరమైన 1955లో కూడా పదిన్నర లక్షలు దాటలేదు. అయినా జట్టు నష్టాలలో లేదన్న సంగతి మరువరాదు. ఓమాలీని కలవరపరచినది 1953లో బోస్టన్ నుండి మిల్వాకీకి తరలిన బ్రేవ్స్ జట్టు. కొత్త స్టేడియంలో వారికి లభించే ఆదాయంతో మంచి ఆటగాళ్ళను కొనగలరని, తాము వెనుకబడతామని అతని భయం.

అట్లాంటిక్, ఫ్లాట్‌బుష్ వీధులు కలిసే చోట సొంత ఖర్చుతో గోపురం కప్పిన స్టేడియం కట్టాలని ఓమాలీ సంకల్పించాడు. వాస్తుశిల్పి బక్‌మినిస్టర్ ఫుల్లర్ 1955లో నమూనా కూడా రూపొందించాడు. అయితే స్థలాన్ని నగరమే సేకరించి తక్కువ ధరకు ఇప్పించాలన్నది ఓమాలీ కోరిక. నగర నిర్మాణ పనులపై తిరుగులేని అధికారం గల రాబర్ట్ మోజెస్, ప్రైవేటు వ్యాపారం ప్రజా ప్రయోజనం కాదంటూ నిరాకరించి, క్వీన్స్‌లోని ఫ్లషింగ్ మెడోస్‌ను చూపాడు. బ్రూక్లిన్ వెలుపల ఆడే జట్టు బ్రూక్లిన్ జట్టు కాబోదని ఓమాలీ దానిని తిరస్కరించాడు. ఆ తరువాత నాలుగున్నర వేల కిలోమీటర్లకు దరిదాపుల్లో ఉన్న ఊరికి తరలించడంతో ఈ వాదన విమర్శలకు గురైంది. దోషం మోజెస్‌దా, ఓమాలీదా అన్న విషయంలో చరిత్రకారులు నేటికీ ఏకీభవించరు.

1957 సెప్టెంబరు 24న ఎబెట్స్ ఫీల్డ్‌లో జరిగిన చివరి ఆటకు 6,702 మంది మాత్రమే వచ్చారు. అక్టోబరు 8న తరలింపు ప్రకటన వెలువడింది. 1960లో ఆ మైదానాన్ని కూల్చి నివాస భవనాలు కట్టారు.

లాస్ ఏంజెలెస్‌లో

1958 ఏప్రిల్ 18న కొలీజియంలో జరిగిన తొలి ఆటకు 78,672 మంది హాజరయ్యారు. మరుసటి సంవత్సరమే జట్టు వరల్డ్ సిరీస్ గెలిచింది.

స్టేడియం కోసం నగరం ఇచ్చిన చావెజ్ రవీన్ స్థలానికి వేరే చరిత్ర ఉంది. అక్కడ నివసించిన మెక్సికన్ అమెరికన్ కుటుంబాలలో అత్యధికులను, పేదలకు ఇళ్ళు కడతామని చెప్పి 1950ల ఆరంభంలోనే ఖాళీ చేయించారు; ఆ ఇళ్ళు కట్టలేదు. ఆ స్థలాన్ని జట్టుకు ఇచ్చే ఒప్పందం 1958 జూన్‌లో ప్రజాభిప్రాయ సేకరణలో స్వల్ప ఆధిక్యంతో నెగ్గింది. మిగిలిన కొద్దిమందిని 1959లో పోలీసులు బలవంతంగా వెళ్ళగొట్టారు. బ్రూక్లిన్ అభిమానులు పోగొట్టుకున్నది జట్టును. వీరు పోగొట్టుకున్నది ఇళ్ళను.

సుమారు 2 కోట్ల 30 లక్షల డాలర్ల ప్రైవేటు పెట్టుబడితో నిర్మించిన డాడ్జర్ స్టేడియం 1962లో ప్రారంభమైంది. ఆ సంవత్సరం 27 లక్షలకు పైగా ప్రేక్షకులు వచ్చారు. ఇంత ఆదాయమున్నా జీతాల విషయంలో ఓమాలీ పిసినారి. మేనేజర్ వాల్టర్ ఆల్స్టన్ 23 సీజన్లు ఏడాదికొక ఒప్పందం పైనే పనిచేశాడు. 1966లో శాండీ కోఫాక్స్, డాన్ డ్రైస్‌డేల్ అధిక వేతనం కోరుతూ కొంతకాలం శిక్షణకు రాలేదు.

1970లో కుమారుడు పీటర్‌కు అధ్యక్ష పదవి అప్పగించాడు. 1978లో డాడ్జర్స్ ఒకే సీజనులో 30 లక్షల ప్రేక్షకులను రప్పించిన మొదటి జట్టు అయ్యింది. భార్య మరణించిన నెలలోపే, 1979 ఆగష్టు 9న ఓమాలీ మిన్నెసోటాలోని మేయో క్లినిక్‌లో మరణించాడు. 1998లో కుటుంబం జట్టును అమ్మివేసింది. బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఓమాలీకి స్థానం 2008లో గాని లభించలేదు. అప్పటికి బ్రూక్లిన్‌లో చివరి ఆట జరిగి అర్ధశతాబ్దం దాటింది.