గాలిని అదుపు చేసిన కారియర్

ఎండకు నీడను, చలికి నిప్పును ఆశ్రయించడం మానవునికి అనాదిగా తెలిసిన విద్య. అయితే ఒక గదిలోని గాలి ఎంత వేడిగా ఉండాలో, అందులో ఎంత తేమ ఉండాలో ముందుగా లెక్కకట్టి, ఆ లెక్క ప్రకారమే దానిని నిలిపి ఉంచడం ఇరవయ్యవ శతాబ్దంలో గాని సాధ్యపడలేదు. ఆ లెక్కను కట్టినవాడు అమెరికా దేశపు ఇంజనీరు విల్లిస్ హావిలాండ్ కారియర్.

కారియర్ 1876 నవంబరు 26న న్యూయార్క్ రాష్ట్రంలో, ఈరీ సరస్సుకు సమీపాన ఉన్న అంగోలా గ్రామ ప్రాంతంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. తల్లి ఎలిజబెత్ గడియారాలను, కుట్టుమిషన్లను స్వయంగా బాగుచేయగల నేర్పరి. చిన్నతనంలో కారియర్‌కు భిన్నాలు ఎంతకూ బోధపడలేదు. అప్పుడామె నేలమాళిగ నుండి ఆపిల్ పండ్లను తెప్పించి, వాటిని సగాలుగా, పావులుగా, అరపావులుగా కోయించి, ఆ ముక్కలతోనే కూడికలు, తీసివేతలు చేయించింది. కంటికి కనబడని విషయాన్ని చేతికి అందేటట్లు చేసుకొని పరిశీలించే అలవాటు అతనికి అక్కడే అబ్బింది. కారియర్ పదకొండేళ్ళ ప్రాయంలో ఉండగానే ఆమె కన్నుమూసింది.

కుటుంబ పరిస్థితులు అనుకూలించక అతడు కొంతకాలం బడిపంతులుగా పనిచేశాడు. 1897లో విద్యార్థివేతనం సంపాదించి కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేరాడు. పచ్చికను కత్తిరించి, కొలుములలో బొగ్గువేసి, తోటి విద్యార్థుల బట్టలు ఉతికించే సహకార సంస్థను నడిపి, తక్కిన ఖర్చులు గడుపుకున్నాడు. 1901లో ఇంజనీరింగు పట్టా పుచ్చుకొని, వారానికి పది డాలర్ల జీతానికి బఫెలో ఫోర్జ్ కంపెనీలో ప్రవేశించాడు.

ఆ కంపెనీ భవనాలను వెచ్చబరచే సాధనాలను తయారుచేసేది. ఆవిరి ప్రవహించే గొట్టాల చుట్ట మీదుగా పంకాతో గాలిని తోలితే గాలి వేడెక్కుతుంది. ఎంత గాలికి ఎంత గొట్టం కావాలో మాత్రం ఎవరికీ నిశ్చయంగా తెలియదు. అనుభవజ్ఞులు సైతం ఉజ్జాయింపుగా లెక్కవేసి, ఎందుకైనా మంచిదని కొంత అదనంగా కలిపేవారు. కారియర్ ఆ పద్ధతిని అంగీకరించలేదు. తానే ప్రయోగాలు జరిపి, ఇతర ఇంజనీర్లు నిస్సంకోచంగా వాడుకోదగిన పట్టికలను సిద్ధం చేశాడు.

1902లో బ్రూక్లిన్‌లోని సాకెట్-విల్హెల్మ్స్ ముద్రణాలయం నుండి ఒక చిక్కు సమస్య వచ్చింది. రంగుల బొమ్మలను అచ్చువేసేటప్పుడు ఒక్కొక్క రంగును విడివిడిగా అద్దవలసి ఉంటుంది. గాలిలోని తేమకు కాగితం సాగుతుంది, పొడి వాతావరణంలో కుంచించుకుపోతుంది. అందువల్ల మొదటి రంగుమీద రెండవ రంగు సరిగా కూర్చునేది కాదు. అచ్చయిన కాగితమంతా వృథా అయ్యేది. కారియర్ చేసిన ఆలోచన మిక్కిలి సులభమైనది. వేడి ఆవిరి ప్రవహించే ఆ గొట్టాల చుట్టలోనికే చల్లని నీటిని పంపితే గాలి చల్లబడదా? చల్లబడిన గాలి తనలోని తేమను చెమ్మగా గొట్టాలమీద విడిచిపెట్టదా? 1902 జులై 17వ తేదీ వేసిన అతని నమూనా చిత్రాలను ఆధునిక వాతావరణ నియంత్రణకు నాందిగా భావిస్తారు. అప్పటికి అతని వయస్సు ఇరవై అయిదేళ్ళు.

ఆ సంవత్సరాంతంలోనే పిట్స్‌బర్గ్ రైలు స్టేషనులో పొగమంచు కమ్మిన ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండగా అతనికి మరొక ఊహ తట్టింది. నీటి తుంపరల గుండా గాలిని పంపి, ఆ నీటి ఉష్ణోగ్రతను మార్చినట్లయితే గాలిలో మిగిలే తేమను కోరిన ప్రమాణంలో ఉంచవచ్చు. నీటితో గాలిని ఆరబెట్టడమన్నది వినడానికి విడ్డూరమే అయినా, శాస్త్రానికి విరుద్ధం కాదు. ఈ సాధనానికి 1906 జనవరి 2న పేటెంటు లభించింది. 1911లో ఉష్ణోగ్రతకు, ఆర్ద్రతకు గల సంబంధాన్ని సూత్రబద్ధం చేస్తూ అతడు అమెరికన్ యాంత్రిక ఇంజనీర్ల సంఘానికి సమర్పించిన పత్రం ఈ శాస్త్రానికి పునాదిరాయి.

1914లో బఫెలో ఫోర్జ్ ఈ శాఖను వదులుకోదలచింది. కారియర్ నిరుత్సాహపడలేదు. ఆరుగురు మిత్రులతో కలిసి 32,600 డాలర్లు పోగుచేసి 1915లో సొంత సంస్థను స్థాపించాడు. ఐరోపాలో యుద్ధం సాగుతున్న రోజులలో స్థిరమైన ఉద్యోగాలను వదలి ఏడుగురు ఇంజనీర్లు ఇట్టి సాహసానికి ఒడిగట్టడం సామాన్య విషయం కాదు.

ఆనాటి శీతలీకరణ యంత్రాలు బృహదాకారం గలవి. వాటిలో తరచుగా వాడే అమ్మోనియా విషవాయువు. జనం గుమికూడే చోట అది వెలువడితే ప్రాణాపాయమే. ఈ కారణంగా కారియర్ 1922లో ప్రదర్శించిన కొత్త యంత్రంలో అమ్మోనియాను తొలగించి డైలీన్ అనే ద్రవాన్ని ఉపయోగించాడు. న్యూయార్క్ నగర భద్రతా నియమావళి ఆ ద్రవాన్ని అనుమతించలేదు. ఎంత వివరించినా అధికారి సమ్మతించకపోవడంతో, కారియర్ కొంత డైలీన్‌ను ఒక పాత్రలో పోసి అగ్గిపుల్ల గీచి అంటించాడు. అది భగ్గున పేలక మెల్లగా మండింది. నేడు ఇట్టి నిరూపణను ఏ ప్రయోగశాలా అనుమతించదు. ఆ ద్రవం వాడుక కూడ ఏనాడో ఆగిపోయింది. యంత్రం చల్లబరిస్తే చాలదని, దాని సమీపాన మసలే మనిషికి హాని కలగరాదని ఆ నియమావళి కోరడం మాత్రం సమంజసమే.

1925లో న్యూయార్క్‌లోని రివోలీ సినిమాశాలలో ఆ యంత్రాన్ని అమర్చారు. తొలిరోజున యంత్రాన్ని నడపడం ఆలస్యమైంది. అలవాటు చొప్పున విసనకర్రలతో వచ్చిన ప్రేక్షకులు విసురుకుంటూనే ఉన్నారు. చిత్రసంస్థ అధినేత అడాల్ఫ్ జూకర్ సైతం పైఅంతస్తు నుండి అంతా గమనిస్తున్నాడు. క్రమక్రమంగా హాలు చల్లబడింది. ఒక్కొక్క విసనకర్ర ఒడిలోనికి జారింది. అంతవరకు ఊపిరి బిగబట్టి నిలిచిన కారియర్ బృందం తెరిపిన పడింది.

ఇళ్ళకు తగిన సాధనాన్ని అతని సంస్థ 1928లో వెలువరించింది. మరుసటి ఏట మొదలైన ఆర్థిక మాంద్యం దాని వ్యాప్తిని అడ్డగించింది. 1939లో బహుళ అంతస్తుల భవనాలకై కారియర్ మరొక పద్ధతిని రూపొందించాడు. సన్నని నాళికల ద్వారా గాలిని వేగంగా పంపి, గొట్టాల ద్వారా నీటిని ప్రతి గదిలోని పెట్టెకు చేర్చడం ఇందలి విశేషం. దానికి సొంత పంకా లేదు. దూసుకువచ్చే గాలియే గదిలోని గాలిని లాగి గొట్టాల చుట్టమీదుగా నడిపించేది. ఆ పనికి చిన్న విద్యుత్ పంకాను నియోగిస్తే, నేడు ఇళ్ళలో, హోటళ్ళలో కనిపించే ఫ్యాన్ కాయిల్ యూనిట్ స్వరూపం మనకు గోచరిస్తుంది. చలికాలంలో వేడినీరు, వేసవిలో చల్లనినీరు అదే చుట్టలో ప్రవహిస్తాయి.

ముద్రణాలయంలో మేలు చేసిన చెమ్మయే ఈ చిన్న పెట్టెలో ప్రమాదకారి కాగలదు. గాలి విడిచిన నీరు చుట్ట నుండి పళ్ళెంలోనికి కారుతూ ఉంటుంది; దాని పక్కనే విద్యుత్ మోటారు తిరుగుతూ ఉంటుంది. నీటి గొట్టం పూడుకుపోయి పళ్ళెం పొంగితే తీగల కలయికలు తడుస్తాయి. అందుచేత పెట్టె లోహభాగానికి ఎర్తు తీగను బిగించడం తప్పనిసరి. అమెరికా ఇళ్ళలో మోటారుకు 120 లేదా 240 వోల్టులు అందుతాయి. 240 వోల్టుల సరఫరాలో రెండు తీగలలోనూ విద్యుత్తు ఉంటుంది గనుక, స్విచ్చి రెండింటినీ తెంచాలి. గోడమీది థర్మోస్టాట్‌కు చాలాచోట్ల 24 వోల్టులే చాలు. ఆ సన్నని తీగలను ప్రధాన సరఫరా తీగలతో కలిపి ఒకే గొట్టంలో లాగకూడదు. రెండూ తగిలితే థర్మోస్టాట్ కాలిపోవడమే గాక దానిని ముట్టుకున్నవారికి ప్రాణగండం. మోటారుకు మూడు వేగాల తీగలు ఉన్నప్పుడు ఒక సమయంలో ఒక్కదానికే విద్యుత్తు అందాలి. రెండింటికి ఒకేసారి అందితే మోటారు వేడెక్కి చెడిపోతుంది. పని ఆరంభించేముందు ప్రధాన సరఫరాను ఆపి, విద్యుత్తు లేదని పరీక్షక సాధనంతో నిర్ధారించుకోవాలి. ఆపిన తరువాత కూడ మోటారు కెపాసిటర్‌లో విద్యుదావేశం నిలిచి ఉండవచ్చు. శిక్షణ పొంది, అనుమతి గల విద్యుత్ పనివారు చేయవలసిన పని ఇది. ఉజ్జాయింపును కారియర్ ఎంతగా నిరసించాడో ఇక్కడ గుర్తుకు రాక మానదు.

ఎనభైకి పైగా పేటెంట్లను సంపాదించిన కారియర్ 1950 అక్టోబరు 7న న్యూయార్క్‌లో మరణించాడు. అమెరికాలోని సామాన్య గృహాలలోనికి శీతల యంత్రాలు విరివిగా ప్రవేశించినది ఆ తరువాతి దశాబ్దంలోనే. ఆ వైభవాన్ని అతడు కన్నులారా చూడలేకపోయాడు. 1985లో ఆ దేశపు జాతీయ ఆవిష్కర్తల గౌరవ పట్టికలో అతని పేరు చేరింది.