పే స్టబ్‌లో ఆ కోత వెనుక ఒక భార్య కథ

హెచ్‌1బీ మీద అమెరికాలో ఉన్న ప్రతి తెలుగు కుటుంబానికీ లేబర్ డిపార్ట్‌మెంట్‌తో ఎప్పుడో ఒకప్పుడు పని పడుతుంది. వీసాకు ముందు ఎల్‌సీఏ వెళ్లేది అక్కడికే, గ్రీన్‌కార్డు కోసం పెర్మ్ వెళ్లేదీ అక్కడికే. వాషింగ్టన్‌లో ఆ శాఖ ప్రధాన కార్యాలయానికి ఫ్రాన్సిస్ పెర్కిన్స్ బిల్డింగ్ అని పేరు. ప్రయారిటీ డేట్లు నిద్రలో లేపి అడిగినా చెప్పే నా మిత్రుల్లో కూడా ఆ పేరు ఎవరిదో తెలిసినవాళ్లు తక్కువ.

నేను ఆమె జీవితం చదవడానికి కారణం మాత్రం వీసా కాదు, పే స్టబ్. ప్రతి జీతంలోనూ సోషల్ సెక్యూరిటీ పేరుతో 6.2 శాతం పోతుంది, కంపెనీ అంతే మొత్తం కలుపుతుంది. ఇది ముసలితనంలో వచ్చే పింఛను కోసమేనని మనలో చాలామంది అనుకుంటారు. ఇండియా వెళ్లిపోతే ఈ డబ్బంతా ఏమవుతుందోనని టీ తాగుతూ గొణుక్కుంటాం. ఆ 6.2లో 0.9 శాతం వేరే పనికి వెళ్తుంది. పెద్ద జబ్బు చేసి ఉద్యోగం చేయలేని స్థితి వస్తే, వయసుతో సంబంధం లేకుండా నెలనెలా ఇచ్చే డిజెబిలిటీ బీమాకు. ఆ కోతకు పునాది వేసిన మనిషి ఇంట్లోనే అలాంటి జబ్బు ఉండేది. అందుకే ఈ కథ మనవాళ్లకు చెప్పాలనిపించింది.

కళ్లెదుట కాలిపోయిన భవనం

ఫ్రాన్సిస్ పెర్కిన్స్ 1880 ఏప్రిల్ 10న బోస్టన్‌లో పుట్టారు, మసాచుసెట్స్‌లోనే వూస్టర్ పట్టణంలో పెరిగారు. తండ్రిది స్టేషనరీ వ్యాపారం. కలిగిన కుటుంబం, చాదస్తపు ఇల్లు. పేదవాళ్లు సోమరితనం వల్లో తాగుడు వల్లో అలా ఉంటారని ఆ ఇంట్లో నమ్మకం. మౌంట్ హోల్యోక్ కాలేజీలో ఆమె ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివారు. చరిత్ర క్లాసులో భాగంగా దగ్గర్లోని మిల్లులు చూసి రమ్మన్నప్పుడు ఆ నమ్మకానికి మొదటి బీట పడింది. ఒళ్లు దాచుకోకుండా పనిచేసే మనిషి కూడా చెయ్యి మెషీన్‌లో పడితే మర్నాటికి వీధిన పడతాడని అక్కడ అర్థమైంది.

1902లో డిగ్రీ అయ్యాక టీచర్‌గా చేశారు, షికాగోలో హల్ హౌస్ అనే సేవాకేంద్రంలో వలస కుటుంబాల మధ్య పనిచేశారు. తర్వాత న్యూయార్క్ వచ్చి 1910లో కొలంబియాలో మాస్టర్స్ పూర్తి చేశారు.

1911 మార్చి 25, శనివారం. వాషింగ్టన్ స్క్వేర్ దగ్గర ఒక స్నేహితురాలి ఇంట్లో టీకి వెళ్లిన ఆమె ఫైరింజన్ల మోత విని బయటికి పరుగెత్తారు. ట్రయాంగిల్ అనే బట్టల ఫ్యాక్టరీ పై అంతస్తుల్లో మంటలు. ఒక తలుపుకు తాళం వేసి ఉంది, ఫైరింజన్ నిచ్చెనలు అంత ఎత్తుకు అందలేదు. అమ్మాయిలు కిటికీల్లోంచి దూకుతుంటే ఆమె కింద నిలబడి చూశారు. చనిపోయినవారు 146 మంది. ఎక్కువమంది యూదు, ఇటాలియన్ వలస కుటుంబాల పిల్లలు. ఆ తర్వాత న్యూయార్క్ రాష్ట్రం వేసిన ఫ్యాక్టరీల విచారణ సంఘంలో ఆమె పనిచేశారు. శాసనసభ్యులను వెంటబెట్టుకుని ఫ్యాక్టరీలకు తీసుకెళ్లి, అక్కడి పరిస్థితులు వాళ్ల కళ్లతో వాళ్లే చూసేలా చేశారు.

పరిహారంలేని జబ్బు

1913లో ఆమె పాల్ విల్సన్ అనే ఆర్థికవేత్తను పెళ్లి చేసుకున్నారు. ఆయన న్యూయార్క్ మేయర్ దగ్గర పనిచేసేవారు. 1916 చివర్లో కూతురు సుజానా పుట్టింది. కొంతకాలం ఇంటిపట్టునే ఉండి స్వచ్ఛంద సేవ చేసుకోవాలని ఆమె అనుకున్నారు.

1918 ప్రాంతంలో భర్తకు మానసిక వ్యాధి బయటపడింది. ఇప్పుడు బైపోలార్ అంటున్న జబ్బు అది. కొన్నాళ్లు పట్టలేని హుషారు, కొన్నాళ్లు మంచం దిగలేని కుంగుబాటు. ఆ హుషారులోనే ఉన్న డబ్బు చాలావరకు పెట్టుబడుల పేరుతో పోగొట్టారు. తర్వాత ఆయన ఏ ఉద్యోగంలోనూ ఎక్కువకాలం నిలవలేకపోయారు. ఏళ్ల తరబడి శానిటోరియాలకు వెళ్లిరావడమే అయింది. ఆస్పత్రి బిల్లులు, పాప చదువు, ఇల్లు, అన్నీ ఆమె మీద పడ్డాయి.

1919లో గవర్నర్ అల్ స్మిత్ పిలిచి రాష్ట్ర పారిశ్రామిక కమిషన్‌లో పదవి ఇచ్చారు. జీతం ఏడాదికి 8,000 డాలర్లు. ఆ కమిషన్ చేసే పనుల్లో ఒకటి, ఫ్యాక్టరీలో గాయపడిన కార్మికులకు పరిహారం ఇప్పించడం. ఈ భాగం చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. పగలంతా ఆమె ముందు వేళ్లు తెగినవాళ్ల కాగితాలు. వాళ్ల కోసం చట్టం ఉంది. సాయంత్రం ఇంటికెళితే పని చేయలేని భర్త. ఆయన జబ్బు ఫ్యాక్టరీలో వచ్చింది కాదు కాబట్టి దానికి ఏ చట్టమూ లేదు, ఏ బీమా లేదు. ఆమెకు జీతం ఉంది కాబట్టి గడిచింది. జీతం లేని ఇల్లాళ్ల సంగతి ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ విషయం ఆమె బయట ఎక్కడా మాట్లాడేవారు కాదు. పత్రికలకు దొరక్కుండా భర్త పేరును జీవితమంతా కాపాడుకున్నారు. పిచ్చి అనే మాటకు ఆ రోజుల్లో ఎంత భయమో, మన ఊళ్లలో ఇప్పటికీ ఎంత భయమో తెలిసినవాళ్లు ఆమెను తప్పుపట్టలేరు.

చట్టం పుట్టిన శీతాకాలం

1933లో రూజ్వెల్ట్ అధ్యక్షుడయ్యారు. ఆమెను లేబర్ సెక్రటరీగా రమ్మన్నారు. అమెరికా కేబినెట్‌లో అప్పటివరకు ఒక్క మహిళ కూడా లేరు. భర్త న్యూయార్క్ దగ్గర ఆస్పత్రిలో, కూతురు అక్కడే బడిలో. ఆమె చాలా తటపటాయించారు. చివరికి ఒక జాబితా తీసుకెళ్లి, ఇవన్నీ చేయనిస్తానంటేనే వస్తానని చెప్పారు. కనీస వేతనం, పనిగంటల పరిమితి, బాల కార్మికుల నిషేధం, నిరుద్యోగ బీమా, వృద్ధాప్య పింఛను, ఆరోగ్య బీమా అందులో ఉన్నాయి. రూజ్వెల్ట్ సరేనన్నారు.

1934 జూన్‌లో ఆర్థిక భద్రత మీద వేసిన కమిటీకి ఆమే అధ్యక్షురాలు. ఇలాంటి చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టేస్తుందన్నది అప్పటి పెద్ద భయం. ఒక టీ పార్టీలో ఆ కోర్టు న్యాయమూర్తి హార్లన్ స్టోన్‌తో ఆ మాట అంటే, కాంగ్రెస్‌కు పన్ను వేసే అధికారం ఉందిగా అని ఆయన మెల్లగా దారి చూపించారు. మన పే స్టబ్‌లో ఆ మొత్తం పన్నుగా కనబడటానికి అదొక కారణం. పన్నుగా కట్టినవాడికి అది హక్కు అవుతుందని, తర్వాత వచ్చే ఏ నాయకుడూ తేలిగ్గా తీసేయలేడని రూజ్వెల్ట్ కూడా లెక్కవేశారు. ఆ డిసెంబరులో, క్రిస్మస్ రోజులు. కమిటీ సభ్యులు ఎంతకీ తేల్చకపోతే ఆమె వాళ్లను తన ఇంటికి పిలిచి, డైనింగ్ రూమ్‌లో కూర్చోబెట్టి, ఒక విస్కీ బాటిల్ బల్లమీద పెట్టి, తేలేదాకా ఎవరూ లేవకూడదన్నారు. అర్ధరాత్రి దాటాక తేలింది.

తేలనిది ఒకటుంది. ఆరోగ్య బీమా మాట ఎత్తగానే డాక్టర్ల సంఘం విరుచుకుపడింది. అది ఉంటే మొత్తం బిల్లే మునిగిపోతుందని పక్కన పెట్టాల్సి వచ్చింది. జబ్బుపడి పని పోయినవారికి నెలసరి బీమా కూడా చట్టంలోకి రాలేదు. అంధులకు, వృద్ధులకు, పిల్లలకు, ఉద్యోగం పోయినవారికి చోటు దొరికింది. ఆమె భర్తలాంటివారికి దొరకలేదు. పొలం పనివాళ్లు, ఇళ్లలో పనిచేసేవాళ్లు కూడా బయటే ఉండిపోయారు. వాళ్లలో నల్లజాతివారు చాలా ఎక్కువ.

1935 ఆగస్టు 14న వైట్‌హౌస్‌లో రూజ్వెల్ట్ సంతకం చేశారు. ఆనాటి ఫొటోలో మగవాళ్ల మధ్య టోపీ పెట్టుకుని నిలబడ్డ ఒకే ఒక మహిళ ఆమె. అక్కడికి బయల్దేరే ముందే న్యూయార్క్ నుంచి ఫోన్ వచ్చింది, భర్త కనిపించడం లేదని. ఆమె కార్యక్రమంలో నిలబడ్డారు, అది కాగానే రైలెక్కి న్యూయార్క్ వెళ్లి ఆయన్ను వెతికి క్షేమంగా చేర్చారు. ఆ ఫొటోలో ఆమె ముఖం చూస్తే ఇవేమీ తెలియవు.

1937 జనవరిలో జీతాల నుంచి కోత మొదలైంది. అప్పుడు ఒక్క శాతమే. అదే ఏడాది సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది.

ఆమె వెళ్లిపోయాక వచ్చిన ఫలం

పన్నెండేళ్లకు పైగా ఆ పదవిలో ఉండి 1945లో దిగిపోయారు. అంతకాలం ఆ పదవి చేసినవారు మళ్లీ లేరు. 1940 వరకు ఇమిగ్రేషన్ కూడా ఆమె శాఖలోనే ఉండేది. ఒక వలస కార్మిక నాయకుణ్ని దేశం నుంచి పంపేయలేదన్న కోపంతో 1939లో ఆమె మీద అభిశంసన తీర్మానం కూడా పెట్టారు, అది వీగిపోయింది.

జబ్బుకు బీమా కావాలన్న పోరాటాన్ని ఆమె దగ్గర పనిచేసిన ఆర్థర్ ఆల్ట్‌మేయర్‌లాంటి అధికారులు వదల్లేదు. ఎవరు నిజంగా పని చేయలేరో ఎలా తేలుస్తారు, అందరూ జబ్బు నటిస్తే ఎలా అన్నది అవతలివారి వాదన. చివరికి 1956లో సెనెట్‌లో 47-45 ఓట్లతో గట్టెక్కింది. ఆగస్టు 1న ఐసన్‌హోవర్ సంతకం చేశారు. మొదట 50 ఏళ్లు దాటినవారికే ఇచ్చారు, 1960లో ఆ వయసు నిబంధన తీసేశారు. ఆమె భర్త 1952 డిసెంబరు 31నే కన్నుమూశారు.

పెర్కిన్స్ చివరి ఏళ్లలో కార్నెల్‌లో పాఠాలు చెప్పారు, అక్కడి విద్యార్థుల వసతిగృహంలోనే ఉన్నారు. 1965 మే 14న 85వ ఏట పోయారు. మెయిన్ రాష్ట్రంలోని న్యూకాసిల్‌లో భర్త పక్కనే ఆమె సమాధి. ఆమె పోయిన రెండున్నర నెలలకు మెడికేర్ చట్టం వచ్చింది.

ఇక మన సంగతి

మా ఊళ్లో ఒక తెలుగు కుటుంబంలో ఆయనకు నలభై దాటగానే స్ట్రోక్ వచ్చింది. ఇంటికి ఎవరైనా వెళితే వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తున్నారని ఆమె చెప్పేవారు. ఏడాది దాటినా దేనికీ దరఖాస్తు చేయలేదు. గవర్నమెంటు డబ్బుకు చెయ్యి చాపడం నామోషీ అన్నది ఒకటి, నలుగురికీ తెలిస్తే పిల్లలకు సంబంధాలు రావన్నది రెండోది. ఆయన పన్నెండేళ్లు కట్టిన బీమా అది. కారు గుద్దుకుంటే ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేయడానికి మనం సిగ్గుపడతామా?

కాబట్టి నాలుగు మాటలు గుర్తుపెట్టుకుందాం. మామూలుగా 40 క్రెడిట్లు, అంటే సుమారు పదేళ్ల పని కావాలి. అందులో 20 క్రెడిట్లు గత పదేళ్లలో వచ్చి ఉండాలి. 31 ఏళ్లలోపువారికి ఇంకా తక్కువ చాలు. ఎంఎస్‌కు వచ్చి ఓపీటీలో ఉన్నప్పుడు సాధారణంగా ఈ పన్ను పట్టుకోరు, అందుకని మనవాళ్లలో చాలామందికి లెక్క హెచ్‌1బీతో మొదలవుతుంది. ఎన్ని క్రెడిట్లు ఉన్నాయో సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైట్‌లో ఎవరి ఖాతాలో వాళ్లు చూసుకోవచ్చు.

జబ్బు కనీసం 12 నెలలు ఉండేదై, లేదా ప్రాణాంతకమై, చెప్పుకోదగ్గ ఏ పనీ చేయనివ్వనిదై ఉండాలి. మొదటి 5 నెలలకు డబ్బు రాదు. ఆలస్యంగా దరఖాస్తు చేస్తే వెనక్కి 12 నెలల వరకే ఇస్తారు, అంతకుముందుది పోయినట్టే. పని మానేసి ఏళ్లు గడిస్తే అర్హతే పోవచ్చు. మెడికేర్ రావడానికి మామూలుగా డబ్బు మొదలయ్యాక 24 నెలలు పడుతుంది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు కూడా కొంత వస్తుంది. మొదటి దరఖాస్తుల్లో ఎక్కువ భాగం తిరస్కరిస్తారు, దాంతో ఆగిపోకూడదు. 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

హెచ్‌1బీవారు కూడా కట్టినవాళ్లే, అయితే డబ్బు అందుకోవాలంటే ఇక్కడ చట్టబద్ధంగా ఉండాలి. ఉద్యోగం పోతే స్టేటస్ చిక్కు వస్తుంది కనుక ఆలస్యం చేయకుండా ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవాలి. ఎస్‌ఎస్‌ఐ అనేది వేరే పథకం, ఆదాయం లేనివారికి ఇచ్చేది, పౌరులు కానివారికి దాని నిబంధనలు చాలా కఠినం. రెండింటినీ కలిపేసి భయపడొద్దు. కంపెనీ ఇచ్చే షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ డిజెబిలిటీ పాలసీలు ఉన్నాయేమో హెచ్‌ఆర్‌ను అడగండి.

ఈ వారాంతం ఒక అరగంట కూర్చుని ఆ పాలసీ కాగితాలు, సోషల్ సెక్యూరిటీ స్టేట్‌మెంట్ తీసి, ఎక్కడున్నాయో ఇంట్లో వాళ్లకు చూపించండి. జబ్బుపడ్డవారికి ఆ ఫారాలు నింపే ఓపిక ఉండదు, ఆ పని పక్కనున్నవారిదే అవుతుంది.