గణితవేత్త గియాసుద్దీన్ జంషీద్ అల్‌కాషీ

చతురస్రానికి, త్రిభుజానికి వైశాల్యం కనుగొనడం పాఠశాల విద్యార్థి సైతం ఎరుగును. అంచులు సరళరేఖలైనంత వరకు చిక్కులేదు. అంచు వంపు తిరిగినప్పుడే కష్టం మొదలగును. చెరువు గట్టు, కమాను లోపలి భాగం, మసీదు గుమ్మటం: వీటి చుట్టుకొలతను, వైశాల్యాన్ని నిర్ణయించడమెట్లా? మన పూర్వులు ఈ శాస్త్రాన్ని క్షేత్రగణితమన్నారు. పావులూరి మల్లన తెనిగించిన గణితసార సంగ్రహానికి మూలకర్తయైన మహావీరాచార్యుడు తొమ్మిదవ శతాబ్దంలోనే యవగింజ, మద్దెల వంటి ఆకారాలకు వైశాల్యం చెప్పి, వ్యవహారానికి సరిపోయే ఫలాన్ని, సూక్ష్మఫలాన్ని వేరుచేసి చూపినాడు. ఏ పనికి ఎంత సూక్ష్మత కావలెననే ఈ ప్రశ్ననే అయిదారు శతాబ్దాల పిమ్మట, సమర్‌ఖందులో, మరొక మేధావి తన జీవితకార్యంగా స్వీకరించినాడు.

ఇరాన్ మధ్యభాగాన, ఎడారి అంచున కాషాన్ పట్టణమున్నది. గియాసుద్దీన్ జంషీద్ క్రీ.శ. 1380 ప్రాంతంలో అక్కడ జన్మించినాడు. అది తైమూర్ దండయాత్రల కాలం. జంషీద్ వృత్తిచేత వైద్యుడు. మనస్సు మాత్రం గణితం మీద, నక్షత్రాల మీద. పేదరికం అతనిని చాలాకాలం విడువలేదు. 1405లో తైమూర్ మరణించిన పిదప షారుఖ్ పాలనలో దేశం కొంత కుదుటబడినది. 1406 జూన్ 2న కాషాన్‌లో అతడు ఒక చంద్రగ్రహణాన్ని పరిశీలించినాడు. అతని జీవితంలో నిశ్చయంగా తెలిసిన మొదటి తేదీ అదే. మరుసటి ఏడు మార్చిలో సుల్లముస్సమా, అనగా ఆకాశ సోపానమనే గ్రంథాన్ని ముగించినాడు. 1414 నాటికి నసీరుద్దీన్ తూసీ ఖగోళ పట్టికలను సవరించి, ఖాఖానీ జీజ్ అనే పేరుతో సమర్‌ఖందు పాలకుడైన ఉలుగ్ బేగ్‌కు అంకితమిచ్చినాడు. తైమూర్ మనుమడైన ఆ రాకుమారునికి అప్పటికి ఇరువదేండ్లు.

ఉలుగ్ బేగ్ పాలకులలో అరుదైనవాడు. 1420 నాటికి సమర్‌ఖందులో గొప్ప మదర్సాను కట్టించి, పిదప నగరం వెలుపల వేధశాలను తలపెట్టినాడు. కాషీ ఆ విద్వద్గోష్ఠిలో చేరినాడు. అక్కడి నుండి కాషాన్‌లోని తండ్రికి అతడు పారసీకంలో వ్రాసిన ఉత్తరాలు రెండు మనకు దక్కినవి. తోటి పండితులకు లొంగని చిక్కులను తానెట్లా విప్పినదీ వాటిలో దాచుకోకుండా చెప్పినాడు. ఖాజీజాదా రూమీని తప్ప తక్కినవారిని అంతగా లెక్కచేయలేదు. ఇవి గొప్పలే. అయినను దూరదేశాన ఉన్న కుమారుడు తండ్రికి వ్రాసే జాబులో వినయంకన్న విజయం ఎక్కువ కనిపించడం వింత కాదు. సుల్తాను గుర్రంపై పోతూనే సూర్యుని స్థానాన్ని మనస్సులో గణించిన ముచ్చటను కూడా అతడు తండ్రికి తెలిపినాడు. దర్బారు మర్యాదలు కాషీకి పట్టుబడలేదనియు, విద్యను చూచి ఉలుగ్ బేగ్ ఓర్చుకొన్నాడనియు తరువాతి కాలపు గ్రంథకర్త ఒకడు వ్రాసినాడు.

1424 జూలైలో రిసాలా ముహీతియ్యా పూర్తియైనది. ఇది వృత్తపరిధిని గూర్చిన గ్రంథం. వృత్తానికి లోపల ఒక బహుభుజిని, వెలుపల ఒక బహుభుజిని గీసినచో, పరిధి ఆ రెండింటి చుట్టుకొలతల నడుమ చిక్కును. భుజాలు పెరిగిన కొలదీ ఆ సందు ఇరుకగును. ఆర్కిమెడీజ్ 96 భుజాల వద్ద ఆగినాడు. అబుల్ వఫా, అల్‌బిరూనీ ఇచ్చిన విలువలలోనూ కాషీ లోపాలు చూపినాడు. అయితే అతని ఘనత లెక్కను పొడిగించడంలో కన్న, మొదలుపెట్టిన తీరులోనే ఉన్నదని నా అభిప్రాయం. ఎంత తప్పును సహింపవచ్చునో అతడు ముందే నిర్ణయించుకొన్నాడు. భూవ్యాసానికి ఆరు లక్షల రెట్లు వ్యాసంగల మహావృత్తాన్ని ఊహించి, దాని పరిధిలో సైతం తేడా గుర్రపు వెంట్రుక మందాన్ని మించరాదని నియమం పెట్టుకొన్నాడు. అందుకు కావలసిన భుజాల సంఖ్య 80,53,06,368 అని తేలినది. మూడును ఇరువది యెనిమిది మారులు రెట్టింపు చేయగా వచ్చే సంఖ్య అది. ప్రతి రెట్టింపునకూ ఒక వర్గమూలం తీయవలె! అదంతయు అరువది భాగాల పద్ధతిలో, చేతితో చేసిన లెక్క. చివరకు పరిధి వ్యాసార్థానికి 6.2831853071795865 రెట్లని దశాంశాలలో కూడా వ్రాసినాడు. పదహారు స్థానాలూ సరియైనవే. 1596లో లుడాల్ఫ్ వాన్ కాయిలెన్ ఇరువది స్థానాలు ప్రకటించు వరకు దీనిని మించిన వారు లేరు.

ఇంత సూక్ష్మంగా ఆకాశాన్ని కొలిచినవాడు మేస్త్రీల పనిని చిన్నచూపు చూడలేదు. 1427 మార్చి 2న ముగించిన మిఫ్తాహుల్ హిసాబ్, అనగా లెక్కల తాళంచెవి, ఖగోళజ్ఞులతో పాటు భూమి కొలిచేవారికి, భవన నిర్మాతలకు, గుమాస్తాలకు, వర్తకులకు ఉద్దేశించినది. అయిదు భాగాల ఆ గ్రంథంలో నాలుగవది క్షేత్రగణితం. అన్నింటిలో విస్తృతమైనది అదే. పూర్వులు కమానులను, కప్పులను పైపైన తడిమి విడిచినారని, కట్టడాలకే కొలతల అవసరం ఎక్కువని చెప్పి, కాషీ వాటికొక అధ్యాయాన్నే కేటాయించినాడు.

గోల్కొండ చెంత కుతుబ్‌షాహీ సమాధులను చూచిన విద్యార్థి ఎరుగును, గుమ్మటమన్నది బంతిని సగానికి కోసినట్లుండదు. సమర్‌ఖందులోనూ అంతే. అటువంటి గుమ్మటాన్ని అడ్డంగా అనేక వలయాలుగా విభజించి, ఒక్కొక్క వలయాన్ని కొన తీసిన శంకువుగా భావించి, వాటి వైశాల్యాలను కూడవలెనని కాషీ బోధించినాడు. పని చేసేవారికి అంత ఓపిక ఎక్కడిది? అందుచేత కొనదేలిన కమానును తిప్పగా ఏర్పడే గుమ్మటానికి తానే లెక్క కట్టి, వ్యాసవర్గాన్ని సుమారు 1.775తో గుణిస్తే ఉపరితల వైశాల్యం వచ్చునన్నాడు. అర్ధగోళానికైతే ఆ గుణకం 1.571 మాత్రమే. అర్ధగోళమనుకొని సున్నమో, పలకలో తెప్పించిన యజమానికి నూటికి పదమూడు పాళ్లు అదనంగా తెప్పించక తప్పదు. ఆ కొలత ప్రకారమే కూలి తీసుకొన్న పనివాడు అంతమేరకు నష్టపోవును.

ముఖర్నస్ పని అంతకన్న కఠినం. ద్వారాల పైన, గుమ్మటాల మూలలలో తేనెపట్టు గదుల వలె వరుసలుగా దిగివచ్చే ఆ అలంకారాన్ని చూడగానే కొలవాలన్న ఆశ వదులుకొంటాము. కాషీ దానిని నాలుగు రకాలుగా విభజించినాడు. అందులోని పెద్ద గది అడుగు అంచును కొలమానంగా తీసుకొని, వంపు తిరిగిన గదులకు గుణకాన్ని ముందే సిద్ధం చేసి ఇచ్చినాడు. ఇక పనివాడు చేయవలసినది గదులను ఎంచి, అంచులను కొలిచి, గుణించి, కూడడమే. వెంట్రుక మందం ఇక్కడ అవసరం లేదని అతడెరుగును.

వేధశాల పని సాగుచుండగానే, హిజ్రీ 832 రంజాన్ 19న, అనగా 1429 జూన్ 22న, కాషీ సమర్‌ఖందు వెలుపల మరణించినాడు. ఒక డిగ్రీ కోణపు సైను విలువను ఘన సమీకరణం ద్వారా సాధించే గ్రంథం అసంపూర్తిగా మిగిలిపోగా ఖాజీజాదా రూమీ దానిని పూర్తిచేసినాడు. పిదప ఖాజీజాదాయు గతించగా, పట్టికల భారం అలీ ఖుష్జీపై పడినది. 1437లో అవి వెలువడినప్పుడు ఉలుగ్ బేగ్ పీఠికలో, ఎంతటి చిక్కునైనా విప్పగల పండితునిగా కాషీని పేరుపెట్టి స్మరించినాడు.