జీవకణం గుట్టు విప్పిన మన యల్లాప్రగడ

హైస్కూలు జీవశాస్త్రంలో కణం బొమ్మ వేసి భాగాలు గుర్తించడం మనందరికీ అలవాటే. బయట ప్లాస్మా పొర, లోపల కణద్రవ్యం, మధ్యలో కేంద్రకం, అటూ ఇటూ చిక్కుడుగింజల్లా మైటోకాండ్రియాలు. వాటిని కణశక్త్యాగారాలు అని రాస్తే మార్కు పడుతుంది. కణం ఆ శక్తిని వాడుకునే పదార్థాన్ని కనుగొన్నవారిలో ఒకరు తెలుగువాడని మాత్రం పీజీలో చేరేదాకా మాకు తెలియదు. కొల్లిపర హాస్టల్ తమ్ముళ్లకు అది ముందే తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. (పదో తరగతి ఒకసారి తప్పగానే పెట్టె సర్దుకునే తమ్ముళ్లు ఈ వాక్యం మళ్లీ చదవండి!) మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు ఖద్దరు ధరించినందుకు ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవలసి వచ్చిందంటారు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల వ్యాధితో కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. ఆ దెబ్బ ఆయన మరిచిపోలేదనిపిస్తుంది.

మామగారి ఆర్థిక సాయంతో అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చేరారు. పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేశారు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి, నీలిరంగు చిక్కదనాన్నిబట్టి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటించారు. బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో దాన్ని ఇప్పటికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే అంటారు. ఆ కొలతతోనే కండరంలో 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని బయటపెట్టారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నాడు.

ఏటీపీ అంటే ఏమిటి? గాదెనిండా ధాన్యమున్నా కొట్లో ఉప్పు కొనాలంటే చేతిలో చిల్లర ఉండాలి కదా. మనం తిన్న అన్నం గాదెలో ధాన్యం, ఏటీపీ చేతిలో చిల్లర. దానికి మూడు ఫాస్ఫేట్లుంటాయి. చివరిది విడిపోతే వచ్చే శక్తితో కండరం ముడుచుకుంటుంది, కణం తనకు కావలసినవి తయారు చేసుకుంటుంది. మైటోకాండ్రియా ఆ ఫాస్ఫేటును మళ్లీ అతికిస్తుంది. కబడ్డీలో కూతకు వెళ్లినవాడికి అంత ఆలస్యం పనికిరాదు. అప్పుడు ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేటును అప్పిచ్చి ఆదుకుంటుంది.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు మారారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. కణం విభజన చెందాలంటే డీఎన్‌ఏ తయారు కావాలి, దానికి ఇది కావాలి. లేకపోతే రక్తకణాలు సరిగా పుట్టవు. సోదరులను బలిగొన్న స్ప్రూ రోగానికి కూడా ఆ మందు పనిచేసింది! బడుల్లో ఆడపిల్లలకిచ్చే ఐరన్ మాత్రలో ఐరన్‌తోపాటు ఉండేది ఇదే.

మాకు ఇంకా అబ్బురం కలిగించేది తర్వాతి మెట్టు. ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన దొంగ పదార్థాన్ని ఇస్తే క్యాన్సర్ కణాలు మోసపోయి విభజన ఆపేస్తాయి. అలా తయారైన అమినోప్టెరిన్‌తో డాక్టర్ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు తాత్కాలిక ఉపశమనం కలిగించి, 1948లో ఆ ఫలితాలు ప్రకటించారు. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో ఉంది. మన కోస్తా జిల్లాల్లో పంచిన బోదకాలు మాత్ర కూడా ఆయన బృందం కృషి ఫలితమే.

నోబెల్ బహుమతి రాలేదు. స్వదేశానికీ, ఎదురుచూస్తున్న భార్య శేషగిరి గారి వద్దకూ ఆయన తిరిగి రాలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, నిద్రలోనే గుండె ఆగి అమెరికాలో కన్నుమూశారు. 1995లో, శతజయంతి ఏట, భారత ప్రభుత్వం ఆయన తపాలాబిళ్ల విడుదల చేసింది.