ఇంటిని కొంచెం కొంచెంగా పెంచుకున్న మనిషి: లారీ బేకర్ జీవితం



మన సంఘం సంచికల్లో మన వీరుల గురించి, మన పండుగల గురించి చదువుతుంటారు. ఈసారి నేను మన జాతికి చెందని ఒక మనిషి జీవితం రాస్తున్నాను. ఆయన ఇంగ్లండులో పుట్టారు. ఇల్లు ఎలా కట్టాలో మాత్రం మనలాంటి కొండ జనం దగ్గర నేర్చుకున్నారు. ఆయన గురించే ఎందుకు రాస్తున్నానో ముందుగా చెబుతాను.

ఉద్యోగం వచ్చిన కొత్తలో నేను గొప్పగా చెప్పుకున్న పని అమ్మ ఉంటున్న మట్టి ఇల్లు పడగొట్టించడం. తోటి ఉద్యోగులు ఎప్పుడైనా మా ఊరు వస్తే ఆ ఇల్లు చూపించాల్సి వస్తుందని సిగ్గుపడ్డాను. అప్పు చేసి సిమెంటు గోడలు కట్టించి, పైన రేకులు వేయించాను. ఆ వేసవిలో అమ్మ మధ్యాహ్నం పూట ఇంట్లో ఉండలేకపోయింది. పశువుల కొట్టంలో, గడ్డి కప్పు కింద నులక మంచం వేసుకుని పడుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు. బేకర్ గురించి చాలా ఏళ్ల తర్వాత చదివినప్పుడు నాకు ఆ మంచమే గుర్తొచ్చింది.

లారెన్స్ విల్‌ఫ్రెడ్ బేకర్ 1917 మార్చి 2న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో పుట్టారు. అందరూ లారీ అని పిలిచేవారు. వాస్తుశిల్పం చదివి 1937లో పట్టా పుచ్చుకున్నారు. యుద్ధం తప్పని నమ్మే క్వేకర్ల సమాజంలో చిన్న వయసులోనే చేరారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు తుపాకి పట్టకుండా క్వేకర్ల వైద్య దళంలో చేరి చైనా వెళ్లారు. అక్కడ గాయపడినవారికి, ఆ తర్వాత కుష్ఠు రోగులకు సేవ చేశారు.

ఆరోగ్యం దెబ్బతిని స్వదేశానికి తిరిగి వెళ్తూ ఓడ కోసం బొంబాయిలో కొన్ని నెలలు ఆగాల్సి వచ్చింది. అక్కడ గాంధీజీని కలిశారు. బేకర్ కాళ్లకు పాత గుడ్డపీలికలతో చేసిన చైనా చెప్పులున్నాయి. గాంధీజీ దృష్టి వాటి మీద పడింది, అక్కడి నుంచి మాటలు సాగాయి. ఇల్లు కట్టడానికి కావలసిన సామానంతా ఆ చోటికి అయిదు మైళ్ల లోపలే దొరకాలన్న గాంధీజీ ఆలోచన ఆ యువకుడి మనసులో నాటుకుపోయింది.

1945లో కుష్ఠు రోగుల సేవాసంస్థ తరఫున ఆయన మళ్లీ భారతదేశం వచ్చారు. కుష్ఠుకు కొత్త మందులు వస్తున్న రోజులవి. రోగులను వెలివేసి ఉంచిన పాత ఆశ్రమాలను వైద్యం చేసే ఆసుపత్రులుగా మార్చడం ఆయన పని. ఫైజాబాద్‌లో ఒక మలయాళీ డాక్టరు కుటుంబంతో ఉన్నారు. ఆ డాక్టరు చెల్లెలు ఎలిజబెత్ జాకబ్ కూడా డాక్టరే, మన హైదరాబాద్ ప్రాంతంలో అదే సంస్థలో పనిచేస్తుండేవారు. అన్నకు ఆపరేషన్ జరిగితే చూసుకోవడానికి ఫైజాబాద్ వచ్చినప్పుడు వారిద్దరికీ పరిచయమైంది. రెండు కుటుంబాలూ ఒప్పుకోలేదు. వారు తొందరపడకుండా ఆగి 1948లో పెళ్లి చేసుకున్నారు.

పెళ్లయ్యాక హిమాలయాల్లోని పిథోరాగఢ్ కొండలకు వెళ్లారు. వచ్చినామె డాక్టరని తెలియగానే చుట్టుపక్కల ఊళ్ల జనం రోగులను మోసుకుని రావడం మొదలుపెట్టారు. వదిలి వెళ్లలేక అక్కడే ఉండిపోయారు. ఒకటి రెండేళ్లు కాదు, 16 ఏళ్లు. ఆమె వైద్యం చేస్తే ఆయన పక్కన ఉండి సాయం చేశారు. అక్కడే ఆసుపత్రి, తమ ఇల్లు కట్టుకున్నారు.

బేకర్ అసలు చదువు అక్కడ మొదలైందని నేను అనుకుంటాను. కళాశాలలో నేర్చుకున్నది ఇనుము, సిమెంటు, గాజు. ఆ కొండల్లో ఉన్నవి రాయి, మట్టి, పేడ, కలప. తన డిగ్రీ అక్కడ పెద్దగా పనికిరాదని ఆయనకు అర్థమైంది. అప్పుడు తన చదువు గొప్పదనం చూపించుకోకుండా ఊరి ఇళ్లను గమనించడానికి కూర్చున్నారు. గోడ అంత మందం ఎందుకుంది? కిటికీ ఇంత చిన్నదెందుకు? చూరు అంత కిందికి ఎందుకు దిగింది? ప్రతిదానికీ ఒక కారణం దొరికింది. చలి, వాన, ఎండ, వంటపని, పశువులు, ఇవన్నీ తరతరాలుగా చూసి సరిదిద్దుకుంటూ వచ్చిన ఇళ్లవి. బడికి వెళ్లని మేస్త్రీలను ఆయన గురువులుగా భావించారు.

1963లో ఆ దంపతులు కేరళకు వచ్చారు. మొదట వాగమన్ కొండల్లో గిరిజనుల మధ్య పనిచేశారు. 1970 ప్రాంతంలో తిరువనంతపురంలో స్థిరపడ్డారు. ఆ నగర శివార్లలోని నాలంచిరలో ఆయన తన కోసం కట్టుకున్న ఇంటి గురించి మీకు చెప్పాలని ఈ వ్యాసం మొదలుపెట్టాను. దానికి ఆయన పెట్టుకున్న పేరు హామ్లెట్, అంటే చిన్న పల్లె.

ఆ స్థలం రాతి వాలు. బుల్‌డోజరు తెచ్చి చదును చేయించి ఉండొచ్చు. ఆయన అలా చేయలేదు. వాలు ఎలా ఉంటే గదులు అలా దిగాయి. ఒకేసారి పూర్తిచేసి గృహప్రవేశం చేసిన ఇల్లు కాదది. ముందు చిన్నగా మొదలైంది. కుటుంబ అవసరం పెరిగినప్పుడల్లా ఒక గది, ఒక వరండా కలిశాయి. పాత ఇళ్లు పడగొట్టిన చోట దొరికిన తలుపులు, దూలాలు తెచ్చి వాడారు. పగిలిన పెంకులు, రంగు సీసాలు కూడా గోడల్లో చేరాయి. సీసాల గుండా ఇంట్లోకి రంగుల వెలుగు పడుతుంది. చనిపోయే వరకు ఆ ఇంటిని ఆయన మారుస్తూనే ఉన్నారు.

కేరళ ఎండ, వాన మన ఏజెన్సీ వాతావరణానికి దూరమేమీ కాదు. అందుకే ఆయన వాడిన పద్ధతులు మనకూ పనికొస్తాయి. కొన్ని చెబుతాను.

ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, రెండు వరసల మధ్య ఖాళీ వదిలి గోడ కట్టేవారు. దీన్ని ర్యాట్ ట్రాప్ బాండ్, అంటే ఎలుకబోను కట్టుబడి అంటారు. గోడ మందం తగ్గదు కానీ ఇటుకలు నాలుగో వంతు వరకు మిగులుతాయి. మధ్యలో ఉన్న గాలి బయటి వేడిని లోపలికి తొందరగా రానివ్వదు.

స్లాబులో కింది భాగపు కాంక్రీటు బరువు మోయడానికి పెద్దగా ఉపయోగపడదు, అక్కడ లాగుడుకు తట్టుకునేది ఇనుము. అందుకని కడ్డీల మధ్య పాత పెంకులు పెట్టి కాంక్రీటు తగ్గించారు. ఇది ఫిల్లర్ స్లాబు. సిమెంటు ఆదా అవుతుంది, గది చల్లగా ఉంటుంది. కడ్డీల లెక్క తెలిసినవారు దగ్గరుండి వేయించాల్సిన పని ఇది.

కొన్ని కిటికీల బదులు ఇటుకల మధ్య కన్నాలు వదిలి జాలీ గోడ కట్టారు. గాలి వస్తుంది, ఎండ పొడి నేరుగా పడదు, కలప ఖర్చు లేదు. ఇటుక బాగుంటే ప్లాస్టరింగు ఎందుకని మానేశారు. వీలైన చోట సిమెంటు బదులు సున్నం వాడారు. వాన గోడను తాకకుండా చూరును బాగా ముందుకు దించారు.

ఇలాగే తిరువనంతపురంలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ప్రాంగణం కట్టారు. చెట్లు, వాలు పాడుకాకుండా దానిని కట్టిన తీరు చూడటానికి ఇప్పటికీ జనం వెళ్తుంటారు. నగరంలో బస్టాండు దగ్గర మెలికలు తిరుగుతూ పైకి వెళ్లే ఇండియన్ కాఫీ హౌస్ కూడా ఆయనదే. పేదలకూ, మధ్యతరగతివారికీ ఎన్నో ఇళ్లు కట్టారు. పెద్ద ఆఫీసు పెట్టుకోలేదు. స్థలం దగ్గరే నిలబడి, పాత కాగితాల వెనుక బొమ్మ గీసి మేస్త్రీలకు చూపించేవారు. అంతకుముందు ముఖ్యమంత్రిగా పనిచేసిన అచ్యుత మేనన్, ఆర్థికవేత్త కె.ఎన్. రాజ్ వంటివారితో కలిసి 1985లో కాస్ట్‌ఫోర్డ్ సంస్థను నెలకొల్పారు. తక్కువ ఖర్చు ఇళ్ల పనిని ఆ సంస్థ కొనసాగించింది.

ఆయనను ఒప్పుకోని ఇంజినీర్లు చాలామంది ఉన్నారు. ప్లాస్టరింగు లేని గోడ పేదరికానికి గుర్తని అనుకున్న జనమూ ఉన్నారు. ఇటుక కాల్చడానికి ఎంత కట్టె బూడిదవుతుందో చూసిన బేకర్, మట్టి ఇళ్ల గురించి బొమ్మలతో ఒక చిన్న పుస్తకమే రాశారు. మట్టి ముద్దలు పేర్చే గోడ, దిమ్మిస కొట్టే గోడ, పచ్చి ఇటుక గోడ, తడికకు మట్టి మెత్తే గోడ, ఏ మట్టి దేనికి పనికొస్తుందో అందులో వివరించారు. చివరిది మన అమ్మమ్మల గోడే కదా!

భారత పౌరసత్వం తీసుకున్న ఆయనకు 1990లో పద్మశ్రీ వచ్చింది. 2007 ఏప్రిల్ 1న, 90 ఏళ్ల వయసులో, తిరువనంతపురంలోని తన ఇంట్లోనే కన్నుమూశారు. అప్పటికి మీలో చాలామంది పుట్టలేదు.

చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, మన పాత ఇళ్లలో లోటు లేదని నేను చెప్పను. చెద పట్టేది, కప్పు కారేది, పొగకు అమ్మల కళ్లు మండేవి. ఆ ఇబ్బందులతోనే నేనూ పెరిగాను. కానీ వాటికి మందు పడగొట్టడం ఒక్కటే అనుకుని నేను పొరపాటు చేశాను. రాతి పునాది ఎత్తు పెంచి, చూరు ముందుకు దించి, పొగ పోయే దారి పెట్టి, పక్కన మరుగుదొడ్డి కడితే అమ్మ ఇల్లు ఇంకో తరం నిలిచేది. అప్పు కూడా అంత అయ్యేది కాదు.

నిరుడు అమ్మ గదిలో రేకుల కింద వెదురు తడిక కట్టించాను. ఎండ పడే పడమటి గోడకు వరండా దించి, పైన గడ్డి కప్పించాను. మేస్త్రి పక్కన కూర్చుని ఎక్కడ ఎంత వాలు ఉండాలో చెప్పింది అమ్మే. ఈ వేసవిలో మంచం ఆ వరండాలోకి వచ్చింది.

మీ ఇంట్లో ఇల్లు మంజూరైందన్న మాట వినపడితే, గునపం పడకముందు ఒక పని చేయండి. తాతతో, అవ్వతో కలిసి ఆ ఇంటి చుట్టూ తిరగండి. ఏ గోడ ఎందుకు అలా ఉందో అడగండి. దూలానికి, చూరుకు, అరుగుకు మన భాషలో ఏమంటారో రాసుకోండి. ఇంటి బొమ్మ గీసి, ఏది ఉంచాలో, ఏది మార్చాలో గుర్తు పెట్టండి. సెలవులు అయ్యాక హాస్టలుకు తెస్తే అందరం కలిసి చూద్దాం.

మీ వార్డెన్ అక్క