మాబర్లీ చర్చిలో మాలరీ కిటికీ

మా అబ్బాయి ఎవరెస్ట్ బేస్ క్యాంపుకి ట్రెక్కింగ్ వెళ్తానన్న రోజు నుంచీ నాకు నిద్ర సరిగా పట్టటం లేదు. ఆ కంగారులోనే ఒక ఆదివారం మాంచెస్టర్ ఎయిర్‌పోర్టుకి దగ్గర్లో ఉన్న మాబర్లీ అనే పల్లెకి వెళ్ళాను. జార్జ్ మాలరీ 1886లో పుట్టింది అక్కడే. ఆయన తండ్రి ఆ ఊరి చర్చిలో మతగురువు. ఆ చర్చిలో మాలరీ జ్ఞాపకార్థం పెట్టిన రంగుటద్దాల కిటికీ ఉంది.

కేంబ్రిడ్జ్‌లో చదువుకుని, చార్టర్‌హౌస్ స్కూల్లో పాఠాలు చెప్పుకుంటూ, 1914లో రూత్‌ని పెళ్ళి చేసుకున్నారు. ముగ్గురు పిల్లలు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి దళంలో పని చేసి ప్రాణాలతో తిరిగొచ్చారు. 1921లో ఎవరెస్ట్‌కి దారి వెతకడానికి వెళ్ళిన తొలి బృందంలో ఆయన ఉన్నారు. పత్రికలవాళ్ళకి ఆయన చెప్పిన ఆ ఒక్క జవాబు మీ అందరికీ తెలిసిందే, దాన్ని వదిలేద్దాం.

నన్ను పట్టుకున్నది 1922 జూన్ 7. అంతకుముందే దట్టంగా మంచు కురిసింది. అది గట్టిపడేదాకా ఆగకుండా, పదిహేడు మంది తాళ్ళు కట్టుకుని నార్త్ కోల్ వాలు ఎక్కటం మొదలుపెట్టారు. ముందున్నది మాలరీ, మరో ఇద్దరు ఇంగ్లీషువాళ్ళు. మంచు ఒక్కసారిగా జారింది. వెనకాల బరువులు మోస్తున్న తొమ్మిది మంది లోయ అంచు దాటి కిందపడ్డారు. ఇద్దరే బతికారు. తప్పు తనదేనని మాలరీ భార్యకి ఉత్తరం రాశారు. చనిపోయిన ఏడుగురి ఇళ్ళల్లో ఆ రోజు ఏం జరిగిందో మాత్రం ఎవరూ రాయలేదు.

అయినా 1924లో మళ్ళీ వెళ్ళారు. 8,000 మీటర్లు దాటితే ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టం దగ్గర దొరికేదాంట్లో సుమారు మూడో వంతే. కాళ్ళకంటే ముందు బుర్ర మొరాయిస్తుంది, వెనక్కి తిరగాల్సిన వేళ దాటిపోయిందని తట్టదు. జూన్ 8 మధ్యాహ్నం మాలరీ, ఇరవై రెండేళ్ళ ఇర్విన్ శిఖరం వైపు వెళ్తూ మబ్బుల సందులోంచి ఓడెల్‌కి కనిపించారు. ఆ తర్వాత మళ్ళీ కనపడలేదు. మాలరీ దేహం 1999లో దొరికింది. కాలు విరిగి ఉంది, నడుం చుట్టూ తాడు ఒరిపిడి గుర్తులున్నాయి. శిఖరం మీద పెడతానన్న రూత్ ఫోటో మాత్రం దొరకలేదు. ఇర్విన్‌దని భావించే బూటు, పాదం 2024లో మంచునదిలో బయటపడ్డాయి.

అదే టిబెట్ వైపు నుంచి 2014లో మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ పదమూడేళ్ళకే శిఖరం ఎక్కి దిగింది. మా వాడు నా మీద వాడే ఆయుధం అదే! బేస్ క్యాంపు 5,364 మీటర్లే కదా నాన్నా అంటాడు. తలనొప్పి, వాంతులు మొదలైతే ఇంక పైకి వెళ్ళనని, తగ్గకపోతే వెంటనే దిగిపోతానని మాట తీసుకున్నాను. టికెట్ అక్టోబరుకి కొన్నాడు.