ద్వారం వేంకటస్వామి నాయుడు: సంస్థాన విద్య, భాషావివాదం, ఫిడేలు

ఇరువదవ శతాబ్దపు కర్ణాటక సంగీత చరిత్రను రాగతాళాల చరిత్రగా మాత్రమే వ్రాసే అలవాటు పరిశోధకులలో బలంగా నాటుకొని ఉన్నది. బాణీల భేదాన్ని గురుశిష్య పరంపరతో ముడిపెట్టి అంతటితో ఊరకుండటం పరిపాటి. కాని ఒక విద్వాంసుడు ఏ సభలో వాయించాడు, ఆ సభకు ధనం ఎక్కడినుండి వచ్చింది, ఆ స్వరాలు ఏ భాషలోని పదాలపై ఆనుకొని ఉన్నాయి అని అడిగినప్పుడు రాజకీయ చరిత్రను పక్కకు నెట్టడం సాధ్యం కాదు. ఈ దృష్టితో చూచినప్పుడు ద్వారం వేంకటస్వామి నాయుడు జీవితం ప్రత్యేక పరిశీలనకు అర్హమైనది. సంస్థానాధీశుని పోషణలో ఉద్యోగం, భాషావివాదం చెలరేగిన సంవత్సరంలోనే మద్రాసులో అత్యున్నత గౌరవం, జమీందారీలు అంతరించిన తరువాత స్వతంత్ర భారత ప్రభుత్వ సత్కారం ఆయనకు ఒకే జీవితంలో లభించాయి. ఆయన రాజకీయవేత్త కారు. చేతిలోని వాద్యానికి మాటలు లేవు. మాటలు లేని ఆ వాద్యం మాటలను గురించిన వివాదంలో ఎక్కడ నిలిచిందన్నదే ఇక్కడ విచార్యం.

నాయుడు 1893 నవంబరు 8న, దీపావళినాడు, బెంగుళూరులో జన్మించారు. తండ్రి సైన్యంలో ఉద్యోగి. ఉద్యోగ విరమణానంతరం కుటుంబం విశాఖపట్టణంలో స్థిరపడింది. బాల్యం నుండి చూపు మందం కావడంచేత బడిచదువు సాగలేదు. నల్లబల్లమీది అక్షరం కనబడని బాలునికి చెవి ఒక్కటే ఆధారమైంది. అన్నగారైన వేంకటకృష్ణయ్య ఇంటిలోనే ఫిడేలు నేర్పారు. పెద్ద గురుకులం పేరు చెప్పుకొనే అవకాశం నాయుడికి లేదు. తంజావూరు పరంపరలతో విద్వాంసుల యోగ్యతను తూచే ఆ రోజులలో ఇది చిన్న లోటు కాదు. అయితే ఏ ఒక్క పాఠాంతరానికీ కట్టుబడక, విన్న ప్రతి మంచి సంగీతాన్నీ తనలోనికి తీసుకొనే స్వేచ్ఛ ఆయనకు ఈ లోటునుండే లభించిందని భావించడానికి అవకాశమున్నది.

ఆయన చేపట్టిన వాద్యానికి కూడ దేశీయమైన వంశవృక్షం లేదు. పందొమ్మిదవ శతాబ్ది ప్రారంభంలో కుంపిణీ కొలువులోని ఐరోపా వాద్యకారుల వద్ద ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు ఫిడేలు నేర్చి దక్షిణాది సంగీతానికి అలవరచిన విషయం విదితమే. తంజావూరు సోదర చతుష్టయంలోని వడివేలు దానికి తిరువాన్కూరు ఆస్థానంలో ప్రతిష్ఠ కల్పించారు. వాద్యం పరాయిది. గమకం మనది. నూరేళ్లలో ఫిడేలు గాత్ర కచేరీకి అనివార్యమైన తోడుగా మారింది. కాని తోడుగానే మిగిలింది. గాయకుని నీడగా నడవడమే దాని ధర్మమనే అభిప్రాయం స్థిరపడి ఉండెను.

విజయనగరం కథ దీనికి భిన్నమైన దిక్కునుండి మొదలౌతుంది. 1794లో పద్మనాభ యుద్ధంలో చిన విజయరామరాజు కుంపిణీ సైన్యంచేత హతుడైన తరువాత పూసపాటివారికి మిగిలింది పేష్కషు చెల్లించే జమీందారీ. కత్తి చేజారిన ఈ సంస్థానాలకు విద్వత్పోషణమే ప్రభుత్వంగా మిగిలినది. ఆనందగజపతి కాలంనాటికి విజయనగరం కవులకు, గాయకులకు, వైణికులకు నిలయమైంది. 1919లో విజయరామ గజపతి సంగీత పాఠశాల స్థాపించారు. సంస్థానోద్యోగి చాగంటి జోగారావు కుమారుడైన గంగరాజు అంధుడు. ఆ బాలునికి సంగీతం నేర్పించే ఏర్పాటు చేయవలెనన్న ఆలోచన పెరిగి పాఠశాల అయినదని ప్రసిద్ధి. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులైనారు.

చూపు మందగించిన నాయుడు, చూపులేని పిల్లవానికోసం తెరిచిన ఆ పాఠశాలకు వచ్చిన తీరు ఆంధ్రదేశంలో అందరూ చెప్పుకొనేదే. అన్నగారి వెంట విద్యార్థిగా చేరడానికి వెళ్లిన ఆయన వాద్యం విని, విద్యార్థిగా కాక ఆచార్యుడుగానే నియమించారు. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియారేండ్లు. ఈ నియామకంలో దాసుగారి గుణగ్రహణం ఎంత ఉన్నదో సంస్థాన వ్యవస్థలోని సౌలభ్యం కూడ అంతే ఉన్నది. పట్టాలు, పరీక్షలు అడిగే ప్రభుత్వ విద్యాశాఖలో ఇది జరిగేది కాదు. రాజు మెచ్చితే చాలును. ఇదే పద్ధతికి మరొక ముఖం లేకపోలేదు: రాజు మెచ్చకపోతే అడిగే దిక్కు లేదు.

సంగీత కళాశాల అనే భావనలోనే ఒక మార్పు ఇమిడి ఉన్నదనాలి. గురుకులంలో విద్య గురువు ఇంటి సొత్తు. కళాశాలలో విద్యకు తరగతులు, కాలనిర్ణయం, పాఠ్యక్రమం వచ్చి చేరాయి. కులగోత్రాలతో నిమిత్తం లేకుండ ఆచార్యపదవి అందడం కూడ ఇందులో భాగమే. 1916లో మద్రాసు రాష్ట్రంలో బ్రాహ్మణేతరోద్యమం రాజకీయ రూపం ధరించింది. ఆ తరువాతి దశాబ్దాలలో ఫిడేలు వాద్యానికి త్రిమూర్తులుగా పేరొందిన ద్వారం, మైసూరు చౌడయ్య, కుంభకోణం రాజమాణిక్యం పిళ్లె ముగ్గురూ బ్రాహ్మణేతరులే. ఉద్యమానికీ దీనికీ నేరుగా కార్యకారణ సంబంధం చూపడం సాహసమే అవుతుంది. కాని కచేరీ వేదికమీద గాయకుని పక్క స్థానం ఎవరిదన్న విషయాన్ని చరిత్రకారుడు గమనించకుండ ఉండరాదు.

నాయుడి బాణీలో మొట్టమొదట పేర్కొనదగినది కమాను. కమానును చివరినుండి చివరవరకు నిండుగా లాగి, నాదం ఎక్కడా తెగకుండ, గరుకుదనం లేకుండ పలికించడం ఆయన ప్రత్యేకత. పాశ్చాత్య వాద్యకారుల కమాను పట్టును ఆయన శ్రద్ధగా గమనించారు. పరాయి వాద్యాన్ని స్వీకరించిన సంప్రదాయం దాని నాదసౌష్ఠవాన్ని కూడ పూర్తిగా స్వీకరించవలెనన్నది ఆయన వాద్యం చెప్పే మాట. దానిపైన పలికే గమకం మాత్రం శుద్ధమైన గాత్రధోరణి. విజయనగరం వీణాసంప్రదాయపు వాతావరణంలో మూడు దశాబ్దాలకు పైగా గడపడం కూడ ఆ గమకానికి నెమ్మదినిచ్చి ఉండవచ్చును. తంబురా నాదలక్షణాలపై ఆయన ఒక వ్యాసం కూడ ప్రకటించారు. వాయించేవారు శ్రుతిని గురించి మాట్లాడటం సాధారణం. తంబురాను ప్రత్యేకంగా పరిశీలించి వ్రాయడం అరుదు.

ఈ మృదుత్వానికి ఒక ఇబ్బంది ఉండెను. మైకులు లేని రోజులలో పెద్ద పందిళ్లలో ఫిడేలు వినబడేది కాదు. చౌడయ్య దీనికి పరిష్కారంగా నాలుగు తీగల స్థానంలో ఏడు తీగలు బిగించారు. నాయుడు నాలుగు తీగలతోనే ఉండిపోయారు. ఆయనకు సాయపడింది యంత్రం. గ్రామఫోను రికార్డు, మైకు, 1938 జూన్ 16న మద్రాసులో ప్రారంభమైన ఆకాశవాణి కేంద్రం ఆ సన్నని నాదాన్ని దూరానికి చేర్చినవి. అదే 1938లో ఆయన వేలూరులో ఫిడేలుతో ప్రత్యేక కచేరీ చేశారు. గాయకుడు లేని వేదికమీద ఫిడేలు ప్రధానాసనం అధిష్ఠించిన తొలి సందర్భాలలో ఇది ఒకటిగా లెక్కకు వస్తుంది. రాజసభలో పదిమంది రసికుల నడుమ పెరిగిన బాణీ టిక్కెట్టు కొని వచ్చే ప్రేక్షకుల ముందు తనంత తానుగా నిలబడటం సంగీత పోషణలో వచ్చిన పెద్ద మార్పుకు గుర్తు.

1936లో నారాయణదాసు విరమించగా నాయుడు కళాశాల అధ్యక్షులైనారు. ఆయన ఆధ్వర్యంలో ఉన్న కాలంలోనే ఘంటసాల వేంకటేశ్వరరావు మధుకరం ఎత్తుకొని కడుపు నింపుకొంటూ అక్కడ చదివారు. ఆ విద్యార్థే క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని కారాగారానికి వెళ్లారు. సంస్థానం అన్నం పెట్టి పెంచిన సంగీతం జాతీయోద్యమం గొంతుగా మారడానికి పట్టిన కాలం చాలా స్వల్పం.

ఇక 1941. ఆ సంవత్సరం మద్రాసు సంగీత విద్వత్సభ నాయుడికి సంగీత కళానిధి బిరుదమిచ్చి, వార్షిక సమావేశాలకు అధ్యక్షునిగా ఎన్నుకొన్నది. ఈ విద్వత్సభ పుట్టుకలోనే రాజకీయం ఉన్నది. 1927లో మద్రాసులో జరిగిన కాంగ్రెసు మహాసభతోపాటు ఏర్పాటైన సంగీత సమ్మేళనం ఫలితంగా 1928లో అది అవతరించింది. 1941 నాటికి దానికి ఎదురుగా ఒక బలమైన ప్రశ్న లేచింది. తమిళదేశంలో జరిగే కచేరీలలో తమిళ కృతులకు చోటు ఎందుకు లేదు? అన్నామలై చెట్టియారు అండతో ఆ సంవత్సరమే చిదంబరంలో తమిళ సంగీత సమావేశం జరిగింది. రాజాజీ, కల్కి, టి.కె. చిదంబరనాథ ముదలియారు వంటివారు దానిని సమర్థించారు. 1943లో తమిళ ఇశై సంఘం వెలసింది. భాషను సాకుగా తీసుకొని శాస్త్రీయ సంగీత ప్రమాణాలను తగ్గించరాదని విద్వత్సభ తీర్మానించింది.

ఈ వివాదాన్ని ఆంధ్ర విమర్శకులు తరచు తెలుగుకు జరిగిన అన్యాయంగా చిత్రిస్తారు. అది అర్ధసత్యమే. శ్రోతకు తన భాషలో పాట వినాలనే కోరిక న్యాయమైనది. త్యాగరాజు తిరువయ్యారులో కూర్చుండి తెలుగులో రచించిన కృతులను ఆ చుట్టుపట్ల జనం అర్థం తెలియకయే ఆరాధించవలసివచ్చిందన్నదీ నిజమే. కాని ప్రమాణమన్న మాట వెనుక భాషాభిమానం దాగవచ్చును, భాషాభిమానమన్న మాట వెనుక ప్రమాణలోపం దాగవచ్చును. రెండు పక్షాలకు ఈ చిక్కు తప్పలేదు.

సరిగ్గా ఈ ఘట్టంలో అధ్యక్షపీఠంమీద కూర్చున్నవాడు తెలుగువాడు, వాద్యకారుడు. ఫిడేలును ఏ భాషలో వాయించావని ఎవరూ అడుగలేరు. అందుచేత నాయుడు వివాదానికి అతీతుడుగా ఉన్నాడని అనిపిస్తుంది. ఈ అభిప్రాయం పైపై చూపుకు మాత్రమే నిలుస్తుంది. గాత్రధోరణిలో వాయించేవాని కమాను సాహిత్యాక్షరాలను అనుసరించే మలుపు తిరుగుతుంది. పల్లవిలో హ్రస్వ దీర్ఘాలు, పదచ్ఛేదం, యతిస్థానం తెలిసినవాని వాద్యంలోనే కృతి కృతిగా వినిపిస్తుంది. నాయుడు వాయించిన త్యాగరాజ కృతులలో తెలుగు ఈ విధంగా వినబడకుండానే పనిచేసింది. తమిళ శ్రోత ఆ పదాలను వినక, ఆ పదాలు తీర్చిన నాదాన్ని విన్నాడు. ఫిడేలు తెలుగును దాటలేదు, తనలో దాచుకొన్నది. మద్రాసులో ఆ దశాబ్దమంతటా ఆయనకు అన్ని పక్షాల ఆదరం నిలిచి ఉండటానికి ఇది ఒక కారణం కావచ్చును.

ఇదే కాలంలో ఇదే భాష మరొక ప్రభుత్వం క్రింద ఏ స్థితిలో ఉన్నదో చూచితే ఈ విషయం మరింత స్పష్టమౌతుంది. మద్రాసు కచేరీ వేదికపై తెలుగు అధికమన్న ఆరోపణ వినవస్తుండగా, నిజాం రాజ్యంలో తెలుగు తన ఉనికికై పోరాడుతుండెను. 1921లో హైదరాబాదులో ఒక సభలో తెలుగులో మాట్లాడబోయిన వక్తను గేలిచేయడం ఆంధ్రజన సంఘ స్థాపనకు దారితీసింది. సంగారెడ్డికి ఉత్తరాననున్న జోగిపేటలో 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన నిజామాంధ్ర మహాసభ తొలి సమావేశం జరిగినది. హైదరాబాదు ఆస్థానం ఆదరించినది ప్రధానంగా హిందుస్థానీ సంగీతం. పటాన్‌చెరువు, సంగారెడ్డి ప్రాంతపు తెలుగువారికి తమ భాషలోని కృతి కచేరీ వేదికపై వినడానికి విజయనగరం వంటి కొలువు దగ్గరలో లేదు. కావేరీ తీరంలో పెత్తనంగా కనబడినది మంజీరా తీరంలో లేమిగా ఉండెను. సంగీతంలో భాషాప్రాబల్యాన్ని గురించి చెప్పేటప్పుడు ఏ రాజ్యంలో, ఏ కాలంలో అన్న విశేషణం లేకుండ చెప్పడం అసంగతమని ఇందువలన తేలుతుంది.

స్వాతంత్ర్యం తరువాత పోషకుడు మారినాడు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో మద్రాసు రాష్ట్రంలో జమీందారీలు ముగిసినవి. అదే సంవత్సరం డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైనది. విద్వాంసునికి ఇక జీతం, సమయం, శ్రేణి నిర్ణయించేది ప్రభుత్వం. 1952లో విశ్వవిఖ్యాత వాద్యకారుడు యెహుదీ మెనూహిన్ మద్రాసులో న్యాయమూర్తి పి.వి. రాజమన్నారు నివాసంలో నాయుడి వాద్యం విని ముగ్ధుడైనాడు. ఐరోపానుండి వచ్చిన వాద్యం పాశ్చాత్య వాద్యకారునికే కొత్తగా వినిపించిన సందర్భమది. మరుసటి సంవత్సరం కేంద్ర సంగీత నాటక అకాడమీ ఏర్పడగా ఆ రాజమన్నారే దానికి తొలి అధ్యక్షులైనారు. 1953లో అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ నాయుడికి లభించినవి. రాజు ఇంటి మెప్పు న్యాయమూర్తి ఇంటి మీదుగా రాజధాని ఢిల్లీకి చేరిందన్నమాట.

1953లోనే నాయుడు కళాశాల అధ్యక్ష పదవినుండి విరమించారు. ఆ సంవత్సరం అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించింది. మద్రాసు తెలుగువారికి దక్కలేదు. విజయనగరం కొత్త రాష్ట్రంలోను, దశాబ్దాలుగా తెలుగు విద్వాంసులకు పేరు తెచ్చిన సభలు సరిహద్దుకు ఆవలను మిగిలినవి. సంగీతానికి రాష్ట్రవిభజన జరగలేదు కాని, సంగీతజ్ఞులకు జరిగినది. ఆనాటినుండి పేరుకోసం మద్రాసు, ఉద్యోగంకోసం ఆంధ్రదేశం అనే రెండిళ్ల కాపురం చాలమంది విద్వాంసులకు తప్పలేదు.

వేంకటస్వామి నాయుడు 1964 నవంబరు 25న దివంగతులైనారు. ఫిడేలు నాయుడు అన్న వాడుకపేరు ఆయన జీవించి ఉండగానే అసలు పేరును మరపింపజేసినది. ఆయన తరువాత విజయనగరం కళాశాలకు ద్వారం నరసింగరావు నాయుడు, ద్వారం భావనారాయణరావు అధ్యక్షులైనారు. కుమార్తె మంగతాయారు ఆ కమానును మద్రాసులో కొనసాగించారు. శతజయంతి సంవత్సరమైన 1993లో భారత తపాలాశాఖ ఆయన పేర స్మారక బిళ్ల విడుదల చేసింది. అంధబాలుని నిమిత్తం సంస్థానం తెరిచిన పాఠశాల ప్రభుత్వ కళాశాలగా విజయనగరంలో నేటికీ నడుస్తున్నది.